గొడ్డలికి ముందు ప్రశ్న

(చదువవలసిన భాగము: యెహోషువ 22:10–34)



యొర్దాను నది యొడ్డున ఒక పెద్ద బలిపీఠము లేచెను. దానిని కట్టినవారు రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు. ఆ వార్త చెవిని పడగానే తక్కిన గోత్రములవారు షిలోహులో కూడుకొని యుద్ధమునకు సిద్ధపడిరి. వారి కోపమును మనము తేలికగా తీసివేయరాదు. పెయోరులో జరిగిన పాపము వారి మనస్సులలో ఇంకను మానని పుండువలెనే యుండెను. కొందరు తప్పిపోయినయెడల అందరిమీదికి తెగులు వచ్చునని కన్నులార చూచిన జనము అది. అయినను కత్తి దూయకముందు వారు ఒక పని చేసిరి. యాజకుడైన ఫీనెహాసును, అతనితోకూడ పదిమంది ప్రధానులను పంపి, మీరు కట్టినది ఏమి, ఎందుకు కట్టితిరి అని అడిగించిరి.

ఈ ఫీనెహాసు ఎవరో జ్ఞాపకమున్నదా? సంఖ్యాకాండము 25వ అధ్యాయములో ఈటె చేతపట్టుకొని సమాజములోనుండి లేచినవాడు ఇతడే. దేవుని విషయమై ఇతనికంటె రోషముగలవాడు ఆ దినములలో లేడు. అట్టివానినే దేవుని ప్రజలు అడిగి తెలిసికొనుటకు పంపిరి. అతడు అడిగెను, వారు చెప్పినది చివరివరకు వినెను. ఇది బలులర్పించుటకు కట్టినది కాదు, రేపు మీ పిల్లలు మా పిల్లలను చూచి మీకును యెహోవాకును ఏమి సంబంధమని త్రోసివేయకుండునట్లు మన ఉభయులమధ్య సాక్షిగా నిలుచుటకు కట్టితిమని వారు చెప్పిరి. ఫీనెహాసు ఆ మాట విని సంతోషించి తిరిగి వెళ్లెను. బలిపీఠము నిలిచెను, అన్నదమ్ముల ప్రాణములును నిలిచెను.

ఈ అధ్యాయమును ఎదుట పెట్టుకొని, సముద్రముల కవతల మన సహోదరుల మధ్య జరిగిన ఒక సంగతినిగూర్చి ఈ నెల మీతో వాదింపగోరుచున్నాను. వాదింపగోరుచున్నానని కావలెననే వ్రాసితిని. ఏలయనగా ఆ సంగతిని విని మెచ్చుకొను విశ్వాసులు మనలోను కలరు. వారి మెప్పు సరియైనది కాదని నా మనవి.

ఆస్ట్రేలియాకు ఉత్తరమునను తూర్పునను ఉన్న ద్వీపముల వరుసను మెలనీషియా అందురు. న్యూగినీ, న్యూ ఐర్లాండు, సొలొమోను ద్వీపములు, వనువాటు మొదలైనవి అందులోనివి. నల్లవారి ద్వీపములు అని ఆ పేరునకు అర్థము. 1832లో డ్యుమాంట్ డర్విల్ అను ఫ్రెంచి నావికుడు ఆ పేరు పెట్టెను. తమ్మును ఏమని పిలువవలెనని ఆ ద్వీపవాసులను ఎవరును అడుగలేదు. న్యూగినీ ద్వీపపు తూర్పు సగమును, దాని చుట్టుపట్ల ద్వీపములును కలిసి 1975లో పాపువా న్యూగినీ అను స్వతంత్ర దేశమైనవి. ఆ దేశప్రజలలో అత్యధికులు క్రైస్తవులు. 2025 మార్చిలో వారి పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, తమది క్రైస్తవ దేశమని అందులో వ్రాసికొన్నది.

ఆ దేశపు పార్లమెంటు భవనము 1984లో పోర్టు మోర్స్‌బీ పట్టణములో తెరువబడెను. సెపిక్ ప్రాంతపు గ్రామములలో పితరుల చెక్కడములు ఉంచు ఎత్తైన ఇండ్లు కలవు. ఆ ఇండ్ల పోలికనే ఈ భవనపు ముందు భాగము కట్టబడెను. ప్రవేశద్వారము మీది పెద్ద దూలమునకు కొయ్యతో చెక్కిన 19 తలలు అమర్చబడెను. నాడు ఆ దేశములో పందొమ్మిది రాష్ట్రములుండెను. ఎనిమిది వందలకు పైగా భాషలు మాటలాడు ప్రజలు ఒక్క కప్పు క్రింద కూర్చుండుటకు గుర్తుగా ఆ పని చేయబడెను.

2013 డిసెంబరులో ఆ సభకు స్పీకరుగా నుండిన థియొడోర్ జురెనువోక్ గారి ఆజ్ఞచేత ఆ తలలు యంత్రపు రంపముతో కోసి తీసివేయబడెను. లోపల నున్న గొప్ప చెక్కడపు స్తంభమును కూడ తీసివేయించుటకు ఆయన తలపెట్టెను. అవి భక్తిహీనమైన విగ్రహములనియు, వాటివలన దేశమునకు కీడు వచ్చుచున్నదనియు ఆయన తలంపు. జాతీయ మ్యూజియము పెద్దలు అభ్యంతరము చెప్పిరి. క్రైస్తవులలో కొందరు చప్పట్లు కొట్టిరి, కొందరు దుఃఖపడిరి. 2016లో ఆ దేశపు న్యాయస్థానము ఆ పని చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను.

ఇప్పుడు చప్పట్లు కొట్టినవారి మాటను న్యాయముగా విందము. వారి చేతిలో వాక్యము లేకపోలేదు. నిర్గమకాండము 20వ అధ్యాయములోని రెండవ ఆజ్ఞ ఉన్నది. తన తండ్రి ఇంటనున్న బయలు బలిపీఠమును పడగొట్టి, దేవతాస్తంభమును నరికిన గిద్యోను ఉన్నాడు. మోషే చేసిన ఇత్తడి సర్పమును ముక్కలుచేసిన హిజ్కియా ఉన్నాడు. ఒక మ్రాను కొట్టి, సగముతో వంట చేసికొని, మిగిలిన సగమును దేవుడని మ్రొక్కువానిని పరిహసించిన యెషయా ఉన్నాడు. పితరుల బొమ్మను కోసినవాడు వీరి అడుగుజాడలలోనే నడిచెనుగదా అని వారు అడుగుదురు.

దీనికి ఉత్తరము చెప్పకముందు, ఆ బొమ్మలు ఏమిటో తెలిసికొందము. తెలియక తీర్పు తీర్చుటయే కదా మన వాదమునకు మూలము. ఆ ద్వీపములలోని కొయ్య చెక్కడములన్నియు ఒక్కటే రకము కావు. మూడింటిని చూపెదను.

మొదటిది కొర్వారు. న్యూగినీ పశ్చిమ భాగమున, నేటి ఇండొనీషియా రాజ్యములో, చెందెరావాసి అఖాతము కలదు. ఆ తీరమునను బియాక్ మొదలైన ద్వీపములలోను ఇంటిలో ఒకరు చనిపోయినప్పుడు చిన్న కొయ్యబొమ్మ చెక్కెడివారు. పెద్ద తల, బల్లెపు మొనవంటి ముక్కు, ముందర అల్లికవంటి చెక్కడపు అడ్డు. ఇది దాని రూపము. కొన్నిటికి తల తొలిచి, అందులో చనిపోయినవాని పుఱ్ఱెనే యుంచెడివారు. మృతుని ఆత్మను దానిలోనికి పిలిచి, పడవ ఎక్కకముందును, జబ్బు చేసినప్పుడును దాని ముందు కూర్చుండి సలహా అడిగెడివారు. సలహా తప్పిపోయినయెడల దానిని తిట్టి పారవేయుటయు కలదు.

రెండవది మలగాన్. న్యూ ఐర్లాండు ఉత్తర భాగపు ప్రజలు తమవారు చనిపోయిన కొన్ని నెలలకు, ఒక్కొక్కసారి కొన్ని ఏండ్లకు, దుఃఖకాలమును ముగించుటకు ఒక గొప్ప విందు చేయుదురు. దానికొరకు చాటున నెలల తరబడి కొయ్యను చెక్కుదురు. పక్షులు, చేపలు, మనుష్యులు ఒకదానిలో ఒకటి పెనవేసికొన్నట్లుండును. ఎఱుపు, నలుపు, తెలుపు రంగులు పూసి, సముద్రపు నత్తల మూతలను కన్నులుగా పొదుగుదురు. ఒక్కొక్క నమూనా ఒక్కొక్క కుటుంబపు సొత్తు. హక్కు లేనివాడు దానిని చెక్కరాదు. విందు దినమున దానిని అందరి యెదుట నిలిపి, అప్పులు తీర్చుకొని, చనిపోయినవారికి చెల్లవలసినది చెల్లించి, దుఃఖమును ముగింతురు. తరువాత ఆ చెక్కడమును ఏమి చేయుదురు? పూర్వాచారము చొప్పున దానిని కుళ్లిపోవుటకు విడిచిపెట్టుదురు లేక కాల్చివేయుదురు. నెలల పని కొద్ది దినములలో ముగియును.

మూడవది బిస్ స్తంభము. న్యూగినీ నైఋతి తీరమున, బురదనేలల మధ్య, అస్మాత్ అను ప్రజలు కలరు. వారు గొప్ప మడ చెట్టు నొకదానిని కొట్టి, తలక్రిందుగా నిలిపి, ఒక వేరును మాత్రము రెక్కవలె ముందుకు సాగునట్లు విడిచి, చనిపోయినవారి రూపములను ఒకరి మీద ఒకరుగా చెక్కుదురు. ఆ రూపములకు మృతుల పేర్లు పెట్టుదురు. పూర్వము ఆ స్తంభము పగకు గుర్తు. పేరు పెట్టబడిన మృతుని పక్షమున పగ తీర్చుకొనవలెనని, పొరుగు గ్రామముమీద పడి తలలు నరుకుట ఆ వేడుకతో ముడిపడి యుండెను. విందు అయిన తరువాత స్తంభమును సాగో చెట్ల తోపులో కుళ్లిపోవుటకు విడిచెడివారు. సాగో మొద్దులోని పిండియే వారి అన్నము.

పాఠకులారా, ఈ మూడింటిని ఒక్క గొడ్డలితో నరుకవచ్చునా? మీరే యోచింపుడి.

కొర్వారు విషయమున వాక్యము స్పష్టముగా నున్నది. మృతులయొద్ద విచారణ చేయకూడదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము చెప్పుచున్నది. సజీవులపక్షమున మృతులను అడుగవచ్చునా అని యెషయా 8:19 ప్రశ్నించుచున్నది. సౌలు ఏన్దోరుకు రాత్రివేళ వెళ్లి ఏమి బావుకొనెను? మరణవార్తనే గదా. కొర్వారు ముందు కూర్చుండి పడవ ప్రయాణమును నిర్ణయించుకొను మనుష్యుడు క్రీస్తును ఎరిగినప్పుడు దానిని విడువవలసినదే. ఇందులో రాజీ లేదు.

బిస్ స్తంభముతో ముడిపడిన రక్తము విషయమునను రాజీ లేదు. చనిపోయిన తమ్ముని పేరిట బ్రతికియున్న పొరుగువాని తల తెచ్చుట ఏ పేరు పెట్టినను హత్యయే. యేసు రక్తము హేబెలు రక్తముకంటె మేలైన మాట పలుకుచున్నదని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. ఆ మేలైన మాట అస్మాత్ తీరమునకు వెళ్లినందుకు దేవునికి స్తోత్రము. ఆ చెక్కడములను అద్దాల పెట్టెలలో చూచి, ఎంత అందము, ఎంత అందము అని మురిసిపోవుచు, ఆ రక్తమునుగూర్చి ఒక్క మాటయైనను పలుకని పట్టణపు రసికులతో నేను ఏకీభవింపను.

అయితే మలగాన్ సంగతి ఏమి? చనిపోయినవారికి చివరి మర్యాద చేసి, అప్పు తీర్చి, ఏడుపు ముగించి, చెక్కినదానిని చెక్కించినవారే విడిచిపెట్టుచున్నారు. యెషయా పరిహసించినవాడు సగము మ్రానును కాల్చి, సగమునకు మ్రొక్కెను. వీరు నిలిపినదానినే కాల్చుచున్నారు. దానిలో పాత నమ్మికలేమియు కలిసియుండలేదని నేను అనుట లేదు, కలిసియుండెను. వాటిని వేరుచేయవలసిన పని అక్కడి విశ్వాసులకు కలదు. అయినను, ఇది బయలు బలిపీఠమే అని అడుగకయే తేల్చుటకు మనకేమి అధికారము?

పార్లమెంటు ద్వారము మీది తలల సంగతి మరియు స్పష్టము. అవి ఎవని పుఱ్ఱెనూ మోయలేదు. అది విచారణ చేయు స్థలము కాదు, బలులర్పించు స్థలము కాదు. శాసనములు చేయు సభ. అవి నిలిచినది ఒక దేశపు ప్రజలు ఒకరినొకరు త్రోసివేయకుండుటకు. యొర్దాను యొడ్డున నిలిచిన బలిపీఠమునకు ఇంతకంటె దగ్గర పోలిక దొరకునా? 1975లో వ్రాసికొన్న ఆ దేశ రాజ్యాంగపు పీఠికయే పితరుల స్మరణను గౌరవించుచు, దానితోపాటు క్రైస్తవ ధర్మమును తమదిగా చెప్పుకొనుచున్నది. రెండును ఒక్క పుటలో ఇమిడినవి. రంపము పట్టినవారు ఆ పుటను చదివి, చెక్కినవారిని పిలిపించి అడిగియుండినయెడల ఎంత బాగుండెడిది!

ఇప్పుడు గిద్యోను, హిజ్కియాలయొద్దకు వత్తము. గిద్యోను పడగొట్టినది తన తండ్రి బలిపీఠమును. అది ఏమిటో అతనికి తెలియును. దాని ముందు అతని ఇంటివారే మ్రొక్కుచుండిరి. దేవుడు అతనితో నేరుగా మాటలాడెను. అతడు పొరుగు దేశపువాని ఇంటిమీదికి పోలేదు. ఇక హిజ్కియా ముక్కలుచేసిన సర్పము దేవుని ఆజ్ఞచొప్పున మోషే చేసినదే. అది శతాబ్దముల తరబడి ఉండెను. హిజ్కియా దానిని ఎందుకు పగులగొట్టెను? ఆ దినములవరకు ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుచుండిరని 2 రాజులు 18:4 కారణము చెప్పుచున్నది. రూపము మారలేదు, లోహము మారలేదు. దాని ముందు మనుష్యులు చేయు పని మారెను. రాజు చూచినది ఆ పనిని. చెక్కడమును చూచి మాత్రమే తీర్పు తీర్చువాడు హిజ్కియాను అనుసరించుట లేదు. హిజ్కియా కన్నులు మూసికొని చేసినట్లు భ్రమపడుచున్నాడు.

క్రొత్త నిబంధనలో గొడ్డలి ఎవరి చేతిలో ఉన్నదో చూడుడి. ఎఫెసులో మాంత్రిక విద్యల పుస్తకములు కాలినవి. కాల్చినది పౌలు కాదు. ఆ విద్యలు అభ్యసించినవారే, క్రీస్తును నమ్మిన తరువాత, తమ పుస్తకములు తామే తెచ్చి అందరియెదుట కాల్చిరి. వాటి వెల యేబదివేల వెండి రూకలు. అదే పట్టణములో అర్తెమిదేవి గుడి కలదు. పౌలు మూడేండ్లు అక్కడ ప్రకటించెను. అల్లరి లేచిన దినమున, ఈ మనుష్యులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారును కారు అని ఆ పట్టణపు కరణమే సాక్ష్యమిచ్చెను. మూడేండ్లలో ఆ గుడి గోడనుండి ఒక్క పెళ్లనైనను పౌలు ఊడదీయలేదు. అయినను దాని వర్తకము కూలిపోవుచున్నదని కంసాలులు గోలపెట్టిరి. వాక్యము పనిచేయు విధమిది.

మెలనీషియాలోనే దీనికి సాక్ష్యము కలదు. స్కాట్లాండు దేశపు మిషనరీ జాన్ పేటన్ గారు 1866లో వనువాటు ద్వీపములలో ఒకటైన అనీవాకు వెళ్లెను. మంచి నీళ్లు లేని ఆ ద్వీపములో ఆయన బావి త్రవ్వి నీళ్లు తీసిన సంగతి మన బడిపిల్లలలో కొందరికైనను తెలిసియుండును. వాన పైనుండి పడుటయేగాని భూమిలోనుండి వచ్చుట ఆ ద్వీపవాసులు ఎన్నడును ఎరుగరు. నీళ్లను చూచిన వృద్ధనాయకుడు నమకేయి తానే జనులతో మాటలాడెను. ఆ తరువాత గుంపులు గుంపులుగా ప్రజలు తమ కొయ్య దేవతలను, రాతి దేవతలను తామే మోసికొనివచ్చి కుప్పవేసిరి. కొన్నిటిని కాల్చిరి, కొన్నిటిని పాతిపెట్టిరి, కొన్నిటిని సముద్రములో వేసిరి. వారి గుడిసెలలో దూరి పేటన్ గారు ఒక్క బొమ్మనైనను లాగలేదు. లాగియుండినయెడల చేతులలోని బొమ్మలు పోయి, మనస్సులలోనివి గట్టిపడెడివి.

మరియొక సాక్షి క్రిస్టియన్ కైసరు గారు. ఈ జర్మను లూథరను మిషనరీ 1899లో న్యూగినీకి వెళ్లి, ఫిన్ష్‌హాఫెనుకు పైనున్న సాటెల్‌బెర్గు కొండమీద పనిచేసెను. పాత ఆచారములలో ఏది విడువవలెనో, ఏది ఉంచవలెనో గ్రామములవారు తమ సభలో కూర్చుండి తామే తీర్మానించుకొనవలెనని ఆయన పద్ధతి. మిషనరీ బోధించును, నిర్ణయము సంఘమునది. అక్కడి సంఘము బలముగా ఎదిగి, తనవారినే సువార్తికులుగా కొండలలోనికి పంపెను. 2013లో తలలను కోయించిన స్పీకరు గారు పార్లమెంటుకు ఎన్నికైనది ఆ ఫిన్ష్‌హాఫెను నియోజకవర్గమునుండియే. తన సొంత గడ్డమీద ఒక మిషనరీ నేర్పిన ఓర్పు ఆయనకు పనికిరాకపోవుట విచారకరము.

ఇక మిషను చరిత్రలో మాటలాడక దాటవేయబడుచున్న ఒక సంగతి కలదు. 1855 ఫిబ్రవరి 5న ఓటో, గైస్లర్ అను ఇద్దరు జర్మను మిషనరీలు కొర్వారులున్న మన్సినామ్ ద్వీపముమీద కాలు పెట్టిరి. వారిని పంపినవారిలో ఒకరు బెర్లినులోని గొస్నరు గారు; 1845లో మన దేశమున రాంచీకి మిషనరీలను పంపినదియు ఆయనయే. ఆ ఫిబ్రవరి 5ను నేటికిని పాపువా క్రైస్తవులు సువార్త దినముగా ఆచరించుచున్నారు. మొదటి యాబది ఏండ్లు ఫలము బహు స్వల్పము. తరువాత ప్రజలు విస్తారముగా తిరిగిరి. ఆ కాలమున కొర్వారులనేకము కాల్చబడెను. కాల్చబడనివి ఎక్కడికి పోయెను? ఓడలెక్కి హాలండులోని మ్యూజియములకు చేరెను. న్యూ ఐర్లాండు మలగాన్ చెక్కడములు వేలకొలది జర్మనీ మొదలైన దేశములకు తరలిపోయెను. 1875లో ఆ ద్వీపములకు సువార్త తెచ్చిన మెథడిస్టు మిషనరీ జార్జి బ్రౌను గారు కూర్చిన సుమారు 3000 వస్తువులు ఇంగ్లాండుకు చేరి, చివరకు 1980ల దశకములో జపానులోని ఒసాకా మ్యూజియమునకు అమ్మబడెను.

దీనినిబట్టి నేను అడుగు ప్రశ్న ఒకటే. ఆ బొమ్మ హేయమైనదా, కాదా? హేయమైనదైతే ద్వితీయోపదేశకాండము 7:25, 26 వచనములు చదువుడి. దానిమీది వెండి బంగారములను ఆశింపకూడదు, దానిని ఇంటికి తేకూడదు. అట్టిదానికి వెల కట్టి ఓడలోనికి ఎక్కించుట ఎట్లు? హేయమైనది కానియెడల, దానిని చేసినవాని చేతిలోనుండి సాతాను వస్తువని చెప్పి విడిపించుట ఎట్లు? గ్రామములో శాపమైనది పట్టణములో సొమ్ము ఎట్లాయెను? నాటి మిషనరీలలో కొందరు ఆ ప్రజల జ్ఞాపకము నశింపకూడదను మంచి మనస్సుతోనే వస్తువులు కూర్చిరి, వారిని నిందింపను. అయితే ఒక నోట రెండు మాటలు పలికిన చోట ఆ ద్వీపవాసి ఏమనుకొనియుండును? మా తాత బొమ్మలో దోషము లేదు, మా చేతులలోనే దోషమున్నదని వీరి తలంపు అనుకొనడా? సువార్తకు ఇంతకంటె అడ్డు కలదా?

రంపమును, ఓడను విడిచి మూడవ మార్గమున నడిచిన సంఘము కూడ ఆ సీమలోనే కలదు. 1960ల దశకములో ఇండొనీషియా అధికారులు అస్మాత్ ప్రజల విందులను, చెక్కడములను నిషేధించి, పురుషులు కూడుకొను పొడవైన ఇండ్లను కాల్పించిరి. తలలు నరుకుటను మాన్పింపవలసినదే. కాని దానితో పాటు ఉలిని కూడ లాగికొనిరి. అప్పుడు అగాత్స్ పట్టణపు కతోలిక మేత్రాణియైన అల్ఫోన్స్ సొవాడా గారి యాజమాన్యమున 1973లో అక్కడనే, ఆ బురదనేల మీదనే, ఒక మ్యూజియము తెరువబడెను. చెక్కడములు పరదేశమునకు పోక, చెక్కినవారి పిల్లల కన్నులయెదుటనే నిలిచెను. తల నరకని చేయి కొయ్యను చెక్కుట మానలేదు. దేవాలయముల కొరకును చెక్కెను. రోమను సంఘముతో మనకు సిద్ధాంతభేదములు కలవు, వాటిని దాచను. అయినను పాపమును వేరుచేసి మనుష్యుని నిలుపుట ఎట్లో వారు అక్కడ చూపిరి. మంచిని మంచి యనుటకు మనకు సిగ్గేల?

సహోదరులారా, ఇంత దూరపు సంగతి మాకెందుకని మీరడుగవచ్చును. మన గ్రామములలోను పితరుల జ్ఞాపకములు కలవు. ఊరి వెలుపల, ఊరి పశువులను కాచుచు ప్రాణము విడిచినవాని వీరగల్లు నిలిచియుండును. క్రొత్తగా బాప్తిస్మము పొందిన ఇంటి గోడమీద తాతగారి పటము వ్రేలాడుచుండును. ఉత్సాహముగల యువకుడొకడు దానిని లాగి క్రింద పడవేసి, నేను గిద్యోనును అనును. తల్లి మూల కూర్చుండి ఏడ్చును. చుట్టములు ఇక ఆ గుమ్మము త్రొక్కరు. సంఘములో మనము దానిని జయమని సాక్ష్యము చెప్పుకొందుము. అది జయమా? ఫీనెహాసు ఆ గుమ్మములోనికి వచ్చియుండినయెడల ఏమి చేసియుండును?

అతడు అడిగియుండును. మనమును మూడు ప్రశ్నలు అడుగుదము. అమ్మా, నీవు దీనిని ఏమైన అడుగుదువా? దీనికి భయపడుదువా? దీనికి ఏమైన అర్పింతువా? అడుగుదును, భయపడుదును, అర్పింతును అని ఆమె చెప్పినయెడల మన పని ఆ పటముతో కాదు, ఆమె భయముతో. ఆమెతో కూర్చుండవలెను, వాక్యము చదువవలెను, ప్రార్థింపవలెను. ఒక దినము కాదు, అవసరమైనన్ని దినములు. భయము తొలగిన దినమున విడువవలసినదానిని ఆమె చేతులే విడుచును. ఆ చేతులు ఆడకముందు మన చేయి ఆడరాదు. అట్లు కాక, ఇది మా మామగారి ముఖము, నా పిల్లలు మరచిపోకూడదని ఉంచితిని అని ఆమె చెప్పినయెడల, ఆ పిల్లలకు ఆయనను గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పుమని చెప్పి, దేవుని స్తుతించి ఇంటికి రండి. తండ్రిని తల్లిని సన్మానించుమని చెప్పినదియు ఆ పది ఆజ్ఞలే. రెండవ ఆజ్ఞను చేతపట్టి అయిదవ ఆజ్ఞను పగులగొట్టువాడు ధర్మశాస్త్రమును నెరవేర్చినవాడు కాడు.

ఇట్లు అడుగుట విశ్వాసమును పలుచన చేయునని కొందరు భయపడుదురు. నేను ఆ భయమును ఒప్పుకొనను. రంపము పట్టుటకు ఒక దినము చాలును. ఒక మనుష్యుని ప్రక్కన కూర్చుండి, అతని పితరులను గూర్చి విని, మృతులలోనుండి లేచిన ఒక్కనిని గూర్చి అతనికి చెప్పుటకు ఏండ్లు పట్టును. ఏది ఎక్కువ విశ్వాసము కోరునో మీరే చెప్పుడి. తన వాక్యము పనిచేయునని నమ్మనివాడే ఇతరుల ఇంటిలో గొడ్డలి ఎత్తుటకు తొందరపడును.

పాపువా న్యూగినీలోని మన సహోదరులకొరకు ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలలో ప్రార్థించుడి. తమ పితరుల పనిలో ఏది క్రీస్తుకు లోబడునో, ఏది లోబడదో వివేచించు బుద్ధిని దేవుడు వారికి ఇచ్చునుగాక. అట్టి బుద్ధినే మనకును అనుగ్రహించునుగాక. మీ ఇరుగుపొరుగున ఎవరి ఇంటనైన అట్టి పటముగాని రాయిగాని ఉన్నయెడల, ఈ వారము వారియొద్దకు వట్టి చేతులతో వెళ్లుడి. వెళ్లి, ఇది ఎవరు, వీరిని గూర్చి మాకు చెప్పుడి అని అడుగుడి. తరువాత ఏమి మాటలాడవలెనో ప్రభువు మీకు నేర్పును.